రెండు పొరల నడుమ ఈడ్పు



ఈసారి టపా ఛందస్సు మీద కాదు, శతకాల మీద కాదు, విద్యుత్తు మీద. ఇంకా సరిగా చెప్పాలంటే విద్యుత్తులోని ఒక విషయానికి పెట్టవలసిన తెలుగు పేరు మీద. తెలుగు పండితుడికి ఎలక్ట్రానులతో ఏమి పని అని అడిగేవారుంటారు. వాటితో నాకు పని లేదు గాని, వాటి నడతకు తెలుగులో పేరు పెట్టేటప్పుడు నా బోటివాడికి కొంత పని ఉన్నదనే అనుకుంటున్నాను.

విషయం ఇది. రెండు పలుచని పొరలు ఒకదానిపై ఒకటి ఉన్నాయి. రెండింటిలోనూ ఎలక్ట్రానులు స్వేచ్ఛగా సంచరిస్తున్నాయి. నడుమ ఎలక్ట్రాను దాటలేని అడ్డుపొర ఉంది. పై పొరలో విద్యుత్తును ప్రవహింపజేస్తే, దానితో ఏ తీగ సంబంధమూ లేని క్రింది పొరలోని ఎలక్ట్రానులు కూడా అదే దిక్కుకు కదలబోతాయి. ఒక్క ఎలక్ట్రాను కూడా ఇటునుండి అటు పోలేదు. అయినా కదలిక పోయింది. ఆ కదలికను ఇచ్చుకున్నందుకు పై పొర తన వేగంలో కొంత కోల్పోతుంది, అనగా దాని నిరోధం పిసరంత పెరుగుతుంది. ఆంగ్లంలో దీనిని కూలుంబ్ డ్రాగ్ అంటారు. తెలుగులో 'కూలుంబ్ ఈడ్పు' అనాలని నా వాదం. అనుకర్షణం, సహకర్షణం, మరింకేదో కర్షణం అనవద్దని కూడా నా వాదమే.

ఈ చర్చ నాకు ఎలా తగిలిందో ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. మా బడిలో పదవ తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, తరువాత భౌతికశాస్త్రంలో పై చదువులకు పోయిన పిల్లవాడొకడు ఫోను చేసి, "సార్, మా అమ్మకు నా పని ఏందో చెప్పాలె. దీన్ని తెలుగుల ఏమంటరు?" అని అడిగాడు. పేరు చెప్పమంటే ముందు విషయం చెప్పమన్నాను. వాడు రెండు సాయంత్రాలు ఓపికగా చెప్పాడు. చెప్పగా నాకు అర్థమైనంత మేర ఇక్కడ పెడుతున్నాను. విషయం తెలియనిదే పేరు మంచిదో చెడ్డదో తేల్చలేము.

తీగలో నిరోధం ఎందుకు పుడుతుంది? పరుగెత్తే ఎలక్ట్రాను లోహంలోని మలినాలను, కంపిస్తున్న పరమాణువులను గుద్దుకొని తన ద్రవ్యవేగాన్ని వాటికి ధారపోస్తుంది గనుక. మరి ఎలక్ట్రానులు ఒకదానినొకటి గుద్దుకోవా? గుద్దుకుంటాయి. అయితే ఆ గుద్దులాట నిరోధంలో నేరుగా కనబడదు. ఒకటి పోగొట్టుకున్నంత మరొకటి పుచ్చుకుంటుంది, మొత్తం మారదు. ఉమ్మడి కుటుంబంలో అన్న జేబులోని రూపాయి తమ్ముడి జేబులోకి పోతే ఇంటి సొమ్ము తగ్గదు కదా! ఊరివారికి ఆ సంగతి తెలియనే తెలియదు.

అన్నదమ్ములు వేరుపడి నడుమ గోడ పెట్టుకున్నారనుకోండి. అప్పుడు అటునుండి ఇటు పోయిన ప్రతి పైసా రెండు ఇళ్ళ లెక్కల్లోనూ కనబడుతుంది. ఒకరికి ఖర్చు, ఒకరికి జమ. రెండు పొరల ప్రయోగం చేసే పని ఇదే. ఒకే పొరలో ఉన్నంతకాలం ఎలక్ట్రానుల పరస్పర వ్యవహారం గుట్టుగా సాగిపోతుంది. వాటిని రెండు పొరలుగా వేరుచేసి, ఒకదానిలో ప్రవాహం పెట్టి, రెండోదానిలో పుట్టిన ఓల్టేజిని కొలిస్తే, అవి ఒకదానిపై ఒకటి ఎంత బలం చూపుతున్నాయో నేరుగా తెలిసిపోతుంది. క్రింది పొరలోని ఓల్టేజిని పై పొరలోని ప్రవాహంతో భాగిస్తే వచ్చేది ఈడ్పు నిరోధం. ఒకరి ఇంట్లో ప్రవాహం, మరొకరి ఇంట్లో ఓల్టేజి. ఓమ్ గారి సూత్రాన్ని మన సైన్సు సార్లు బడిలో చెప్పినప్పుడు ఈ రెండూ ఒకే తీగలో ఉండేవి.

ఆ రెండు పొరలను కలిపేది విద్యుదావేశాల నడుమనున్న బలం. దానికి సూత్రం చెప్పిన ఫ్రెంచి వాడు షార్ల్ కూలుంబ్ (1736-1806). 1785లో మెలితిరిగే సన్నని తీగకు వ్రేలాడదీసిన త్రాసుతో ఆ బలాన్ని కొలిచాడు. పుస్తకాల్లో ఇంతవరకు ఉంటుంది. అంతకు ముందు ఆయన సైన్యంలో ఇంజనీరు. మోకులు ఎంత బిగుసుకుంటాయి, కొయ్య మీద కొయ్యను ఈడిస్తే ఎంత ఘర్షణ పుడుతుంది అని పరిశోధించి 1781లో పారిస్ విజ్ఞాన అకాడమీ బహుమానం పొందాడు. ఆవేశాల బలమూ ఆయనదే, ఈడ్చినప్పటి ఘర్షణా ఆయనదే! ఈ రెండూ ఒకచోట కలిసిన విషయానికి రెండు శతాబ్దాల తరువాత ఆయన పేరే పడింది.

ఇట్లు జరగవచ్చునని 1977లో సోవియట్ శాస్త్రజ్ఞుడు పోగ్రెబిన్‌స్కీ కాగితం మీద చెప్పాడు. 1983లో పీటర్ ప్రైస్ మరోవిధంగా చెప్పాడు. 1989లో సోలమన్, ప్రైస్ బృందం ఒక పలుచని పొరకూ ఒక మందపు పొరకూ నడుమ దీని జాడ పట్టింది. రెండూ పలుచని పొరలే అయిన ప్రయోగం 1991లో వెలువడింది. గ్రామిలా, ఐసెన్‌స్టైన్, మాక్‌డొనాల్డ్, ఫైఫర్, వెస్ట్ అనే అయిదుగురు దాని కర్తలు. గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంతో చేసిన రెండు పొరలు, ఒక్కొక్కటి 20 నానోమీటర్ల మందం. నడుమ అడ్డు 17.5 నానోమీటర్లు. మీ చేతిలోని మామూలు కాగితాన్ని మందం వెంట అయిదు వేల ఏడువందల పాళ్ళు చేస్తే ఒక పాలు ఎంతో, రమారమి అంత.

ఇంత దగ్గరగా ఉన్న పొరల్లో దేనికి దానికి విడిగా తీగ తగిలించడమే అసలైన పనితనమట. పైదానికి తగిలించబోతే క్రిందిదానికీ తగులుతుంది. ఆ కిటుకును ఐసెన్‌స్టైన్ ప్రభృతులు 1990లోనే సాధించారు. అది లేకపోతే తరువాతి కథ లేదు. కొలిచిన ఈడ్పు నిరోధమేమో మిల్లీ ఓమ్‌లలో ఉంది, ఓమ్‌లో వేయో వంతు లెక్కన.

ఈ పొరలను ఆంగ్లంలో క్వాంటం వెల్స్ అంటారు. ఎలక్ట్రాను అందులో పడితే పైకి రాలేదు గనుక బావి. ఈ మాట విన్నప్పుడు నాకు సంతోషమైంది. అంత పెద్ద విద్వాంసులు కూపాన్ని, గర్తాన్ని వెదకలేదు. ఇంటి వెనుక ఉన్న మాటనే తీసుకొని వాడుకున్నారు.

ఈడ్పు ఎంత ఉంటుందన్న దానికి కొన్ని నియమాలున్నాయి. పొరల ఎడం పెరిగితే ఈడ్పు వేగంగా సన్నగిల్లుతుంది. ఎడం రెట్టింపైతే ఈడ్పు పదహారో వంతుకు దిగుతుంది, అనగా దూరపు నాలుగో ఘాతానికి విలోమానుపాతం. పొరల్లో ఎలక్ట్రానుల సాంద్రత తగ్గితే ఈడ్పు హెచ్చుతుంది. ఉష్ణోగ్రత తగ్గితే ఈడ్పూ తగ్గుతుంది. 4 కెల్విన్ నుండి 2 కెల్విన్‌కు దిగితే నాలుగో వంతు, అనగా ఉష్ణోగ్రత వర్గానికి అనుపాతం.

ఈ వర్గం ఎక్కడిది? ఇది నాకు చాలా నచ్చిన భాగం గనుక కొంచెం నిలబడి చెబుతాను. మేడారం జాతరలో గద్దెల దగ్గరి జనాన్ని తలచుకోండి. లోపల ఉన్నవాడు చేయి ఎత్తితే దించలేడు, అడుగు తీసి వేయలేడు, ఎటు చూచినా మనిషే. కదలగలిగేవారు అంచున ఉన్నవారు మాత్రమే. అతిశీతల స్థితిలో ఎలక్ట్రానులదీ ఇదే గతి. ఒక స్థానంలో ఒక్కటే ఉండాలన్న నియమం వాటికి ఉంది. క్రింది స్థానాలన్నీ నిండిపోయి ఉంటాయి. అంచున ఉన్న కొద్దిపాటివి మాత్రమే ఏదైనా తగిలితే ఖాళీ స్థానంలోకి జరగగలవు. ఆ అంచు వెడల్పు ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. తాకిడి జరగాలంటే పై పొరలోనూ ఒకటి కదలగలగాలి, క్రింది పొరలోనూ ఒకటి కదలగలగాలి. అటు ఒక ఉష్ణోగ్రత, ఇటు ఒక ఉష్ణోగ్రత, హెచ్చవేస్తే వర్గం. (ఇక్కడ అంచు అన్నది శక్తి మెట్లలోని అంచు గాని పొర చివర కాదు. పోలిక అంతవరకే పట్టుకొండి.)

1991 నాటి కొలతలు ఈ వర్గానికి దగ్గరగా వచ్చాయి గాని పూర్తిగా అతకలేదు. మిగిలిన కొద్ది తేడాను, స్ఫటికంలోని కంపనాల ద్వారా కూడా రెండు పొరలు కదలికను ఇచ్చిపుచ్చుకుంటాయని 1993లో అదే బృందం సమర్థించింది.

ఇక 2002. ఈ సంవత్సరం వెలువడిన ఒక పత్రం గూర్చి చెప్పినప్పుడు మా పిల్లవాడి గొంతు మారింది. కారణం ఆ పత్రపు కర్తలలో మొదటి పేరు పిల్లారిశెట్టి. మన తెలుగు ఇంటిపేరు! తక్కినవారిలో భిన్నాంక క్వాంటం హాల్ ఫలితాన్ని కనిపెట్టి 1998లో నోబెల్ బహుమతి పంచుకున్న డేనియల్ సుయి ఉన్నారు, నో, ద పూర్టెర్, టుటుక్, షాయెగాన్ ఉన్నారు. అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం వారి కర్మక్షేత్రం. వారు ఎలక్ట్రానుల బదులు హోల్స్ ఉన్న రెండు పొరలు తీసుకున్నారు, అదీ మిక్కిలి పలుచగా. అట్టి స్థితిలో కణాల పరస్పర వికర్షణ శక్తి వాటి చలన శక్తిని ఎన్నో మడుగులు మించిపోతుంది. ఆ హెచ్చును సూచించే సంఖ్య వారి ప్రయోగంలో 19 నుండి 39 దాకా పోయింది. మామూలు లెక్క చెప్పినదానికంటే ఈడ్పు ఎంతో అధికంగా కనబడింది. పైన చెప్పిన ఉష్ణోగ్రత వర్గపు నియమం కూడా తప్పింది. ఆ తప్పుకు కంపనాలు కారణం కావు, మలినాలు కారణం కావు, కణాల సామూహిక ఊగులాట కూడా కారణం కాదు అని ఒక్కొక్కదానిని తోసివేసి, పలుచదనంలో బలపడిన పరస్పర బలమే కారణం కావచ్చునని వారు సూచించారు. 2003లోను, 2005లోను అదే వరుసలో మరి రెండు పత్రాలు వచ్చాయి.

ఇక్కడొక పక్కమాట. హోల్‌కు మన పాఠ్యగ్రంథాలు 'రంధ్రం' అంటాయి. ఎలక్ట్రాను ఉండవలసిన చోట లేకపోవడం హోల్. బస్సులో ఒకడు లేచి ముందు సీటుకు జరిగితే అతని సీటు ఖాళీ అవుతుంది. వెనుకవాడు అందులోకి వస్తాడు. ఖాళీ వెనక్కి నడిచినట్లు కనబడుతుంది. రంధ్రం నడవదు, ఖాళీ నడుస్తుంది. ఉర్దూ నుండి వచ్చి మన ఇంటిదైపోయిన ఆ 'ఖాళీ' ఉండగా రంధ్రాన్వేషణ ఎందుకో నాకు తెలియలేదు. సరే.

అసలు మాటకు వస్తాను. డ్రాగ్ అన్నదానికి సంస్కృతం వైపు చూస్తే మొదట తోచేది కర్షణ. కృష్ ధాతువు. లాగుట, దున్నుట అని అర్థం. కర్షకుడు అందులోనుండే వచ్చాడు. మూలంలో ఎంతో చక్కని మాట. నాగలి ఈడ్చేవాడి మాట. అయితే మన బడిపిల్లవాడికి కర్షణ ఒంటరిగా తెలియదు. ఆకర్షణ, వికర్షణ అనే జంటగానే తెలుసు. కర్షణ అనగానే వాడి చెవికి ఆకర్షణ వినబడుతుంది. ఇక్కడ పనిచేసే బలమేమో రెండు ఋణావేశాల నడుమ వికర్షణ! పేరు వినగానే వాడు విషయానికి ఎదురు దిక్కుకు పోతాడు. వ్యాకరణం తెలిసినవాడు అనుకర్షణం అంటాడు, 'వెంట లాగుకొనిపోవుట' అని వ్యుత్పత్తి చెబుతాడు. వ్యుత్పత్తి నిర్దుష్టమే. అయితే పిల్లవాడు ముందు ఆ మాటను నేర్చుకొని, దానికి అర్థం నేర్చుకొని, ఆ తరువాత ఎలక్ట్రానుల దగ్గరకు రావాలి. ఒక మెట్టు ఎక్కవలసిన చోట మూడు మెట్లు.

ఇటువంటి మాట వలన ఏమవుతుందో చూడాలంటే ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోని 'స్నిగ్ధత'ను చూడండి. ద్రవాల చిక్కదనానికి పెట్టిన పేరు అది. స్నిగ్ధమంటే నూనెతో నునుపైనది, స్నేహంతో మెత్తనైనది అని నేను తెలుగు తరగతిలో చెప్పేవాడిని. తేనె జారకుండా ఆపే గుణానికి జారుడు గుణం పేరు! ఆ పక్క గదిలో అదే పిల్లలకు అదే గంట తరువాత అది పాఠమయ్యేది. కంఠస్థం చేశారు, మార్కులు వచ్చాయి. చిక్కదనం అని ఉంటే కంఠస్థం చేయవలసిన పనే ఉండేది కాదు.

'ఈడ్పు'ను చూద్దాం. ఇది నేను పుట్టించిన మాట కాదు, భాషలో ఉన్నదే. ఓర్చు-ఓర్పు, నేర్చు-నేర్పు, తీర్చు-తీర్పు, మార్చు-మార్పు, కూర్చు-కూర్పు. ఆ వరుసలోనే ఈడ్చు-ఈడ్పు. సూత్రం చదవని పిల్లవాడు కూడా తీర్పును, మార్పును అర్థం చేసుకున్న దారినే దీనిని అర్థం చేసుకుంటాడు. ఈడ్పు నిరోధం, ఎదురీడ్పు, ఈడ్చే పొర, ఈడ్పు పడే పొర అని కావలసినన్ని మాటలు దీనినుండి తీయవచ్చును. ఒక పారిభాషిక పదానికి ఇంతకంటే కావలసిన సౌలభ్యం ఏమున్నది?

మా తెలంగాణలో లాగుటకు వాడుకమాట 'గుంజు'. మరి గుంజుడు అనరాదా అని మీరు అడగవచ్చును, నేనూ అడుగుకున్నాను. చేదబావిలో తాడు గుంజుతాము. గుంజినది తేలికగా రావచ్చును, ఆగి ఆగి రావచ్చును, ఆ మాటలో ఆ వివరం లేదు. ఈడ్చడం అట్లా కాదు. ఈడ్చబడేది నేలను పట్టుకొని మొరాయిస్తుంది, ఈడ్చేవాడి నడక మందగిస్తుంది. ఒక కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కదలకపోతే రెండోది దానిని ఈడ్చుకుంటూ పోతుంది. ఈడ్చుకుంటూ పోవడం వలన తానూ నెమ్మదిస్తుంది. పనిని ఈడుస్తున్నాడు అంటే ఆలస్యం చేస్తున్నాడనే కదా అర్థం. వెంటబెట్టుకొని పోవడమూ, వెనక్కి పట్టడమూ రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆంగ్లపు డ్రాగ్‌లో కూడా సరిగ్గా ఈ రెండే ఉన్నాయి. ఎలక్ట్రానుల పొరల్లో జరిగేదీ ఈ రెండే. క్రింది పొర వెంట వస్తుంది, పై పొర నెమ్మదిస్తుంది. ఇంకొక సంగతి. ఒక పొరలో ఎలక్ట్రానులు, మరొకదానిలో ఖాళీలు ఉంటే వాటి నడుమ ఆకర్షణ ఉంటుంది. అప్పుడు కూడా ఈడ్పు జరుగుతుంది. పుట్టే ఓల్టేజి దిక్కు మాత్రం మారుతుంది. బలం ఆకర్షణా, వికర్షణా అన్నదానితో ఈడ్పుకు పట్టింపు లేదు. కాడి ఎద్దును ముందుకు లాగిందా, ప్రక్కనుండి నెట్టిందా అని బండి అడగదు.

ఆక్షేపణ ఒకటి ఉంది, దానిని దాచను. కాళ్ళు చేతులు ఈడ్చుకుపోవడం అని కండరాలు పట్టేయడాన్ని కూడా అంటాము. ఈడ్పు అనగానే ఎవరికైనా వాతం గుర్తుకు రావచ్చును. వస్తే రానీయండి. ఆంగ్లంలో సెల్ అంటే చెరసాల గది, జీవకణం, బ్యాటరీ, ఇప్పుడు జేబులోని ఫోను కూడా. ఎవరికీ చిక్కు రాలేదు. ప్రక్కన కూలుంబ్ నిలబడి ఉండగా వాతరోగం మాట ఎవరూ అనుకోరు.

నేను ఉండే స్టేషన్ ఘనపూర్ 2016 నుండి జనగామ జిల్లాలో ఉంది, అంతకు ముందు వరంగల్లు. మాకు ఒక వైపు పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని ఊరు. అదే దారిలో బమ్మెర, పోతన ఊరు. సోమనాథుడు సంస్కృతం రాక జానుతెనుగు కోరినవాడు కాదు. సంస్కృతం బాగా వచ్చి, పామరుల దాకా చేరవలసిన కథకు ఏ భాష కావాలో ఎంచుకొని, ద్విపదను పట్టుకున్నవాడు. పోతన ఏమో తెలుగు ఇష్టమైనవారినీ సంస్కృతం ఇష్టమైనవారినీ ఇరువురినీ మెప్పించే దారి చూచుకున్నాడు. నేను పోతన వైపు మొగ్గేవాడిని. ఉష్ణోగ్రత, ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, నిరోధం స్థిరపడిపోయాయి. వాటిని కదిలించమని నేను అనను. కొత్తగా పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మాత్రం ముందు ఇంట్లో వెదకి, దొరకకపోతే సంస్కృతానికి పోవాలంటాను. మా పండితులలో చాలామంది దారి దీనికి తలక్రిందులు. ముందు సంస్కృతానికి పోయి, అక్కడ దొరికితే ఇంటికి రారు.

దేశమంతటికీ ఒకే మాట ఉంటుంది గదా, సంస్కృతమైతే హిందీవారికీ కన్నడిగులకూ తెలుస్తుంది గదా అనేది బలమైన వాదమే. 1961లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం వెనుక ఆ ఆశ ఉంది. అయితే ఘనపూర్ పిల్లవాడు కాన్పూరు పిల్లవాడితో భౌతికశాస్త్రం మాట్లాడితే ఏ భాషలో మాట్లాడతాడు? ఆంగ్లంలోనే. తెలుగు మాట కావలసింది తల్లికి చెప్పడానికి, చెల్లెలికి చెప్పడానికి, తనకు తాను చెప్పుకోవడానికి. అక్కడ దేశమంతటి మాటతో ఏమి ప్రయోజనం?

ఈ నేలమీదనే ఇంకొక అనుభవం ఉంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనాభాష. 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పి, ఆధునిక శాస్త్రాలకు పదాలు కూర్చే మహత్కార్యానికి పూనుకున్నారు. ఆ శ్రమ సామాన్యమైనది కాదు. వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలో చెప్పారు. ఆ పదాలలో అధిక భాగం అరబ్బీ, ఫారసీల నుండి తెచ్చి కూర్చినవి. 1948 తరువాత బోధనాభాష మారింది, ఆ పదసంపద గ్రంథాలయాలలో మిగిలింది. మారడానికి కారణాలు రాజకీయమైనవి, పదాల బరువు కాదు. కాని నాలుక మీదికి ఎక్కిన మాటలైతే తరగతి గది పోయినా సంతలో బ్రతికేవి గదా అని నాకు అనిపిస్తుంది. జిల్లా, తహసీలు, జమీను, ఖాతా బ్రతకలేదా?

1968లో తెలుగు అకాడమీ వచ్చింది, పి.వి.నరసింహారావు గారు తొలి అధ్యక్షులు. పారిభాషిక పదకోశాలు వేశారు, కళాశాల పుస్తకాలు వేశారు. తెలుగు మాధ్యమంలో పట్టభద్రులైన వేలమందికి అవే దిక్కు. వాటి మీద నాకు గౌరవముంది, స్నిగ్ధత వంటి వాటి మీద ఫిర్యాదూ ఉంది.

ఇప్పుడు కాలం మారింది. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుండి ఎనిమిది తరగతుల దాకా ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. అప్పుడే ఒక పుట తెలుగు, ఒక పుట ఆంగ్లంగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. ఇక తెలుగు పారిభాషిక పదాలతో పనేమున్నది అని నాతో వాదించిన మిత్రులున్నారు, వారిలో ఉపాధ్యాయులూ ఉన్నారు. నాకు సరిగ్గా తలక్రిందుగా తోస్తున్నది. ఇంతకాలం తెలుగు పుస్తకం ఒంటరిగా ఉండేది. మాట ఎంత బరువైనా పిల్లవాడికి వేరే దారి లేదు, మోశాడు. ఇప్పుడు ఎదురు పుటలో ఆంగ్లం ఉంది. ఆంగ్లపు పుటలో 'డ్రాగ్' వంటి నాలుగక్షరాల మాట, తెలుగు పుటలో నోరు తిరగని సమాసం ఉంటే పిల్లవాడు ఏ పుట చదువుతాడు? తెలుగు పుటను తిప్పేస్తాడు. తెలుగు పుట బ్రతకాలంటే అది ఎదురు పుటకంటే తేలికగా అర్థం కావాలి, కనీసం అంతే తేలికగా. ఇంటి మాట వాడితేనే అది సాధ్యం. మాధ్యమం ఆంగ్లమైనంత మాత్రాన ఆ పిల్లల తల్లులు ఆంగ్లంలో మాట్లాడడం మొదలుపెట్టలేదు.

ఇవన్నీ పై చదువుల విషయాలు, కూలుంబ్ డ్రాగ్ ఎవరికి కావాలి, దీనితో ఏ యంత్రం నడుస్తుంది అని కూడా అడిగారు. నిజమే, దీనితో ఇంతవరకు యంత్రమేదీ నడవడం లేదు. దీనికి చుట్టమైన విషయం ఒకటి ఉంది. అయస్కాంత గుణమున్న పలుచని పొరలను దగ్గరగా పేర్చితే నిరోధం బాగా మారుతుందని 1988లో ఫెర్ట్, గ్రున్‌బర్గ్ వేరువేరుగా కనుగొన్నారు. పదేళ్ళు తిరగకముందే అది కంప్యూటర్ల హార్డ్ డిస్కులను చదివే సూదిమొన అయింది, 2007లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈడ్పు వలన అటువంటి సరుకు రావచ్చు, రాకపోవచ్చు. ఎలక్ట్రానులు ఒకదానితో ఒకటి ఎట్లా మెలగుతాయో దీని వలన తెలుస్తున్నది. కావ్యం చదివితే ఏ యంత్రం నడుస్తుందని నలభై ఏళ్ళు వినివిని ఉన్నవాడిని గనుక నాకీ ప్రశ్న కొత్త కాదు.

తరువాతి పని కూడా ఆగలేదు. పిల్లారిశెట్టి పత్రం వచ్చిన 2002లోనే కాలిఫోర్నియాలో కెలాగ్, ఐసెన్‌స్టైన్ ప్రభృతులు రెండు పొరలను బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి ఒక వింత చూశారు. ప్రవాహమున్న పొరకు అడ్డంగా ఎంత ఓల్టేజి పుట్టిందో, ప్రవాహం లేని పొరకు అడ్డంగా కూడా అంతే పుట్టింది. ఆ నిరోధం విలువ ప్రకృతి నిర్ణయించిన 25,813 ఓమ్‌లు. ఈడ్చేది ఏదో, ఈడ్పు పడేది ఏదో చెప్పలేని స్థితి అది. 2012లో మాంచెస్టరు వారు ఒక్క పరమాణువు మందమున్న గ్రాఫీన్ పొరలను, నడుమ బోరాన్ నైట్రైడ్ పెట్టి, 1 నానోమీటరు ఎడం దాకా దగ్గరకు తెచ్చారు. మిల్లీ ఓమ్‌లతో మొదలైన ఈడ్పు అక్కడ ఎంతో బలంగా కనబడింది.

మా పిల్లవాడికి ఈడ్పు నచ్చింది. తల్లికి చెప్పాడట, "ఎడ్ల లెక్కనా?" అని అడిగిందట. ఇప్పుడు వాడు మరో మాట అడిగాడు. ఒక ఆవేశం చుట్టూ తక్కిన ఎలక్ట్రానులు సర్దుకొని దాని బలాన్ని దూరానికి చేరనీయకుండా కప్పివేస్తాయి. ఎడంతో పాటు ఈడ్పు అంత వేగంగా తగ్గడానికి అది ఒక కారణం. ఆంగ్లంలో స్క్రీనింగ్ అంటారు. తెరకప్పు అందామా అంటే నాటకం గుర్తుకు వస్తున్నది. మరుగు అంటే పూర్తిగా కనబడకుండా పోయినట్లున్నది. ప్రస్తుతానికి 'చాటు' అని చెప్పి పంపాను. గాలివానలో చెట్టు చాటున నిలబడితే గాలి బొత్తిగా లేకపోదు, తగ్గుతుంది. ఇంతకంటే మంచి మాట మీలో ఎవరికైనా తోస్తే వ్రాయండి, వాడికి చేరవేస్తాను.